మాట వెనుక మనిషి – 17: గారడీ ఎవరిది? దగా ఎవరిది?



ఈ వారం వేరే మాట గురించి రాద్దామనుకున్నాను. దాన్ని పక్కన పెట్టాను. ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

బడ్జెట్ వచ్చిన రోజుల్లో ఎస్సీ నిధుల మీద ఒక వ్యాసం రాశాను. మీలో చాలామంది చదివారు, పదిమందికీ పంపారు. కేటాయింపు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత అని వరుసగా చెప్పుకొచ్చి, ఇదంతా "అంకెల గారడీ" అన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. శీర్షికలో కూడా అదే మాట. రాస్తున్నప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. బడ్జెట్ పెట్టిన మర్నాడు ప్రతిపక్షంలో ఎవరుంటే వాళ్లు అనే మాటే కదా అది. పత్రికల వాళ్లకు ఏటా సిద్ధంగా ఉండే శీర్షిక.

రెండు రోజుల తర్వాత క్లాసు అయిపోయాక బీఏ రెండో సంవత్సరం పిల్లవాడొకడు వరండాలో నా కోసం ఆగాడు. వెనక బెంచీలో కూర్చుంటాడు, అడిగితే తప్ప మాట్లాడడు.

"సార్, మీరు రాసింది చదివిన. మంచిగున్నది. గని ఒక్క మాట అడుగుత, ఏమనుకోరు గద?"

"అడగరా."

"అంకెల గారడీ అని నాలుగుసార్లు రాసిన్రు. మా తాత గారడే చేసేటోడు సార్. ఆయన ఎవ్వల పైసలు తీస్కపోలే."

నా దగ్గర జవాబు లేదు. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసి, పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటున్నవాణ్ని. పదేళ్లుగా పిల్లలకు భాష చెబుతున్నవాణ్ని. ఇదే వరుసలో ఇంతకు ముందు "సొంత డప్పు" అనే మాట మీద రాసినవాణ్ని. గుర్తుందా? గొప్పలు చెప్పుకునేవాణ్ని "సొంత డప్పు కొట్టుకుంటున్నాడు" అంటారు. డప్పు మా తాతల చేతిలోది. ఊరి పెళ్లికీ, ఊరి చావుకీ, ఊరి దేవతకూ కొట్టిన డప్పు అది. మా వాళ్లు దాన్ని తమ కోసం కొట్టుకున్నది ఎప్పుడు? అని ఆవేశంగా రాశాను. మా డప్పును తిట్టుగా వాడితే నాకు నొప్పి తెలిసింది. పక్కవాడి డోలును నేనే తిట్టుగా వాడినప్పుడు ఆ నొప్పి తెలియలేదు. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత అంటే ఇదే. పై మెట్టు వాడి కాలు మన నెత్తి మీద ఉందని అరుస్తాం. మన కాలు ఎక్కడుందో చూసుకోం.

ఆ పిల్లవాడితో క్యాంటీన్‌లో కూర్చుని గంటసేపు మాట్లాడాను. వాళ్లది మాంగ్ గారోడి కులం. రాష్ట్ర ఎస్సీ జాబితాలో ఆ పేరు ఉంది. మహారాష్ట్రలో వీళ్లు ఎక్కువ. ఇటు సరిహద్దు దాటి వచ్చి తిరుగుతూ బతికిన కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. కులం పేరులోని ఆ గారోడి, మన గారడీ ఒకటే మాట.

వాళ్ల తాత సంచిలో మూడు గిన్నెలు, కొన్ని గుడ్డ ఉండలు, ఒక డోలు, ఒక మామిడి టెంకె ఉండేవట. ఊరి నడుమ గుడ్డ పరిచి, డోలు కొట్టి జనాన్ని పోగు చేసి, గిన్నె కింది ఉండను మాయం చేసేవాడు. టెంకె పాతి, మీద బుట్ట బోర్లించి, తీసేసరికి మొక్క చూపించేవాడు. కొడుకుని బుట్టలో కూర్చోబెట్టి మాయం చేశాక పిల్లవాడు జనం వెనక నుంచి నడిచి వచ్చేవాడు. "ఆ పిల్లోడు మా నాయినే సార్" అన్నాడు నవ్వుతూ. ఆట అయిపోయాక ముసలాయన చేతులు రెండూ చాపి, ఇది మంత్రం కాదు, చేతిపని, పొట్టకూటి కోసం అని చెప్పేవాడట. గుడ్డ మీద పడినవి ఏరుకునేవాడు. పడకపోతే మూట కట్టుకుని పక్క ఊరికి.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. డిగ్రీలో చేరినప్పుడు వాడి దగ్గర కుల ధ్రువీకరణ పత్రం లేదు. ఇప్పటికీ లేదు. అందుకే స్కాలర్‌షిప్ లేదు, ఎస్సీ హాస్టల్‌లో సీటు లేదు. సాయంత్రాలు ఒక టైర్ల షాపులో పని చేసి గది అద్దె కడుతున్నాడు. ఏడాదిన్నరగా నా క్లాసులో కూర్చున్న పిల్లవాడి గురించి నాకు ఈ సంగతి తెలియదు. అది నా రెండో తప్పు.

పత్రం కోసం తండ్రితో కలిసి ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాడు. భూమి కాగితం తెమ్మన్నారు. భూమి ఎప్పుడూ లేదు. తండ్రి బడి సర్టిఫికెట్ తెమ్మన్నారు. బుట్టలో కూర్చుని మాయమైన పిల్లవాడికి బడి ఎక్కడిది? పుట్టిన ఊరు ఏదన్నారు. తిరుగుతున్న బండి దగ్గర పుట్టినవాడికి ఏ ఊరు చెప్పాలి? చివరిసారి బల్ల అవతల మనిషి దరఖాస్తు చూసి, పక్కవాళ్లకు వినపడేలా అన్నాడట: "గారోడి అంటే ఏం కులంరా ఇది? ఏం గారడీ చేసి ఎస్సీ సీటు కొట్టేద్దామనుకున్నవ్?"

గది నిండా నవ్వారట.

ఒక్కసారి ఆలోచించండి మిత్రులారా. ఆ మనిషికి ఆ హాస్యం ఎక్కడి నుంచి వచ్చింది? భాష ఇచ్చింది. గారడీ అంటే మోసం అని పత్రిక చెప్పింది, అసెంబ్లీ చెప్పింది, నేనూ చెప్పాను. కాబట్టి గారోడి అని రాసుకుని వచ్చినవాడు మోసగాడే అయి ఉండాలి.

ఇప్పుడు ఆ మాట పుట్టుక చూద్దాం. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

గరుడుడు పాములకు శత్రువు. ఆయన పేరు మీద పాము విషం దించే మంత్రాన్ని, మందును సంస్కృతంలో గారుడం అన్నారు. ఆ విద్య తెలిసినవాడు గారుడికుడు. అంటే మొదట్లో ఇది వైద్యానికి చెందిన మాట. పొలంలో పాము కాటేసిన మనిషి దగ్గరికి పరుగెత్తుకు వచ్చేవాడి పేరు అది. మరాఠీలో గారుడి అంటే నేటికీ పాములవాడే. పాములు పట్టేవాడు పాముల్ని ఆడించాడు, ఆడించేచోట చేతి విద్యలు కూడా చూపించాడు. అలా గారుడం గారడీ అయింది. అక్కడిదాకా బాగానే ఉంది. ఒక బతుకుతెరువు ఇంకో బతుకుతెరువుగా మారింది, దాంతో మాటా మారింది.

కానీ తర్వాతి అడుగు వేరే. విషం దించేవాడి మాట, వినోదం పంచేవాడి మాట, చివరికి మోసానికి పేరు ఎలా అయింది? ఆ అడుగు వేసింది గారడీవాడు కాదు. ఎదురుగా నిలబడి చూసి పోయిన ఊరు.

ఇలాంటి అడుగులు భాషలో చాలా ఉన్నాయి. చేతివాటం అంటే చేతి నేర్పు. ఇప్పుడు ఆ మాట వింటే లంచం గుర్తొస్తుంది, జేబు కొట్టడం గుర్తొస్తుంది. వేషం అంటే కళ. "వేషాలు వెయ్యకు" అంటే బుకాయించకు అని. పగటివేషాలు కట్టి ఊరికి పురాణం చూపించినవాడి పేరు ఇవాళ రాజకీయ నాయకుల మీద విసిరే తిట్టు. పిట్టలదొర అంటే కోతలు కోసేవాడు. గంగిరెద్దు అంటే వెన్నెముక లేనివాడు. బుడబుక్కలవాడి మాట అంటే నమ్మరాని మాట. దొమ్మరి అనే మాటను ఆడవాళ్లను తిట్టడానికి ఎలా వాడతారో మీకు తెలుసు, నేను రాయను. ఒక్కొక్కటీ ఏరి చూడండి. ఇల్లు లేని, పొలం లేని, ఊరికి వినోదం ఇచ్చి గింజలు అడుక్కున్న కులాల పేర్లన్నీ తెలుగులో అబద్ధానికి, అల్పత్వానికి పర్యాయపదాలు.

ఇక నిచ్చెన పై మెట్లు చూడండి. అక్కడ కూడా కళ్లను మభ్యపెట్టే పనే జరుగుతుంది. కానీ పేర్లు మారిపోతాయి. దేవుడు చేస్తే లీల. స్వామి గాలిలోంచి విభూతి తీస్తే మహిమ. మంత్రి చేస్తే చాణక్యం. దేవతల రాజు పేరు పెట్టుకుంటే ఇంద్రజాలం. మాయాబజార్ 1957లో వచ్చింది. మాయా శశిరేఖనూ, ఆ మాయా విడిదినీ చూసి మూడు తరాలు నవ్వుకున్నాయి. నేనూ నవ్వుకున్నాను. దాన్ని ఎవరూ మోసం అనలేదు.

కులానికీ పేరుకూ ఉన్న ఈ లంకె నా ఊహ కాదని చెప్పడానికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర దేశంలో విప్రవినోదులు అని ఒక చిన్న బ్రాహ్మణ సమూహం ఉండేది. వాళ్లు చేసింది కూడా గారడీయే. కానీ వాళ్ల పేరులో విప్రులున్నారు, వినోదం ఉంది. విజయనగర కాలపు శాసనాల్లో వాళ్ల ప్రస్తావన కనిపిస్తుంది. అగ్రహారాల్లో తమకు రావలసిన రుసుమును గుడికి దానం చేసినట్టు రాయి మీద చెక్కించుకున్నారు. తోటి బ్రాహ్మణుల్లో వాళ్లకు పెద్ద గౌరవం లేదన్నది కూడా నిజమే. అయినా తేడా చూడండి. ఒక గారడీకి రుసుము ఉంది, శాసనం ఉంది. ఇంకో గారడీకి గుడ్డ మీద పడిన చిల్లర, ఆపై పోలీసు రికార్డు.

పోలీసు రికార్డు అన్నది అలంకారం కోసం రాయలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని కులాల్లో పుట్టడమే నేరమని ఆ చట్టం అర్థం. 1911 తర్వాత మద్రాసు రాజ్యానికీ అది వచ్చింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు దాని సంతానమే. ఆ రోజుల్లో తెల్ల అధికారులు రాసిన కులాల పుస్తకాల్లో మాంగ్ గారోడీలను నేరం చేసే కులంగానే రాశారు. 1952లో చట్టం రద్దయింది. కానీ మాట రద్దు కాలేదు. బల్ల అవతల మనిషి నవ్వులో ఇంకా అమలవుతోంది.

స్వాతంత్ర్యం తర్వాత మన సొంత చట్టాలు ఏం చేశాయి? 1959లో బొంబాయి రాష్ట్రం భిక్షాటన నిరోధక చట్టం చేసింది. తర్వాత ఢిల్లీకి కూడా అదే వర్తించింది. అందులో భిక్షాటనకు ఇచ్చిన నిర్వచనం చదవండి. పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం, ప్రదర్శన చేయడం అనే నెపంతో అడిగినా అది భిక్షాటనే. నెపం! తరతరాల విద్యను చట్టం ఒక్క మాటలో సాకు కింద తీసిపారేసింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ చట్టంలో అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లను ఢిల్లీ వరకు కొట్టేసింది. ఈ లోపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాముల బుట్టను నేరం చేసింది. పాముల్ని కాపాడాలి, కాదనను. కానీ పాముతో బతికిన మనిషిని ఎవరు కాపాడాలో ఆ చట్టంలో లేదు.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చూద్దాం.

చాణక్యుడి పేరు ఎత్తాను కదా, ఆయన పేరు మీద ఉన్న అర్థశాస్త్రమే తెరుద్దాం. ఐదో అధికరణంలో ఖజానా ఖాళీ అయినప్పుడు రాజు ఏం చెయ్యాలో ఉంది. రాత్రికి రాత్రి ఒక దేవత వెలిసిందని చూపించు, జాతర పెట్టు, వచ్చిన కానుకలు తీసుకో. సొరంగం ఉన్న బావిలో పలు తలల పామును చూపించు, చూసేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చెయ్యి. నమ్మనివాడు ఎవడైనా ఉంటే వాడి ఆచమనం నీళ్లలో మందు కలిపి, వాడు పడిపోయాక దేవత శాపం తగిలిందని ప్రచారం చెయ్యి. నా మాటల్లో చెబుతున్నాను గానీ విషయం ఇదే.

పాము అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. గారుడికుడు పాము విషం దించి గింజలు అడిగాడు. రాజు పామును చూపించి డబ్బు గుంజి, ప్రశ్నించినవాడికి విషం పెట్టాడు. మొదటివాడి పేరు మోసానికి పర్యాయపదం. రెండో దాని పేరు రాజనీతి, సిలబస్‌లో ఉంది.

గారడీకీ దగాకూ తేడా నేను మూడు చోట్ల చూస్తున్నాను. గారడీవాడు ముందే చెబుతాడు, ఇది గారడీ అని. డోలు కొట్టి మరీ చెబుతాడు. చూసేవాడు ఒప్పుకునే చూస్తాడు. దగా చేసేవాడు డోలు కొట్టడు. రెండోది, గారడీలో మాయమైనది తిరిగి వస్తుంది. ఉండ గిన్నె కిందికి వస్తుంది, పిల్లవాడు జనం వెనక నుంచి వస్తాడు. తిరిగి రాకపోతే అది గారడీయే కాదు, జనం తంతారు. దగాలో పోయింది పోయినట్టే. మూడోది, గారడీవాడికి ఎంత ఇవ్వాలో చూసినవాడు నిర్ణయిస్తాడు. దగాలో ఎంత తీసుకోవాలో తీసుకునేవాడే నిర్ణయిస్తాడు.

ఈ మూడింటితో ఎస్సీ నిధుల లెక్క చూడండి.

జనాభా దామాషాలో దళితులకు నిధులు వేరుగా పెట్టాలన్న ఆలోచన 1979–80 నుంచి స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పేరుతో ఉంది. కాగితం మీద ఉంది. ఖర్చు కాలేదు, వేరే పద్దులకు పోయింది. 2010లో ఢిల్లీ ప్రభుత్వం ఆ నిధుల్లోంచి వందల కోట్లు కామన్‌వెల్త్ క్రీడల పనులకు మళ్లించిన సంగతి బయటపడింది. కేంద్ర హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో అది తప్పేనని ఒప్పుకున్నారు. ఇక్కడ మన పోరాటాల ఫలితంగా ఉమ్మడి రాష్ట్రంలో 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అయింది. చట్టం తెచ్చుకోవడం గెలుపే. దాన్ని తక్కువ చేయను.

కానీ 2013 చట్టంలోనే ఒక కిటికీ ఉంది. రోడ్డు, ప్రాజెక్టు లాంటివి కులాల వారీగా విడదీయలేని పనులు కదా. అలాంటి వాటి ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగం ఎస్సీలకు ఖర్చు పెట్టినట్టే భావించాలి అన్నారు. "భావించాలి" అనే ఆ క్రియాపదం మీద వేలు పెట్టి ఆగండి. రోడ్డు మీద దళితులు కూడా నడుస్తారు కాబట్టి ఆ రోడ్డు ఖర్చులో ఒక వాటా మన ఖాతాలో పడుతుంది. ఆ రోడ్డు మన వాడకు వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. ఏడాది చివర లెక్క సరిపోతుంది. వాడలో మురుగు కాలువ అలాగే ఉంటుంది. హాస్టల్ పిల్లవాడి మెస్ బిల్లు అలాగే ఉంటుంది.

జాషువా 1932లో ఫిరదౌసి రాశాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చిన గజనీ సుల్తాను, కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపిన కథ. దాన్ని క్లాసులో చెప్పిన ప్రతిసారీ కవి అభిమానం, కవి దుఃఖం గురించే చెప్పేవాణ్ని. ఈ మధ్య వేరేగా చదువుతున్నాను. సుల్తాను నాణేల సంఖ్య తగ్గించలేదు. లెక్క సరిగ్గానే ఉంది. లోహం మారింది. వినుకొండలో పుట్టి అవమానాలు తింటూ పద్యం నేర్చిన మనిషికి ఆ తేడా ఎందుకు అంత బాగా తెలిసిందో నాకిప్పుడు అర్థమవుతోంది. మన బడ్జెట్‌లో కూడా అంతే. అంకె ఉంటుంది, లోహం ఉండదు.

ఇది గారడీయా? ముందు చెప్పలేదు. పోయింది తిరిగి రాలేదు. ఎంత తీసుకోవాలో వాళ్లే నిర్ణయించారు. మూడు లక్షణాల్లో ఒక్కటీ లేదు. దీన్ని గారడీ అంటే రెండు అన్యాయాలు జరుగుతాయి. బుట్ట మోసుకు తిరిగిన ముసలాయన మీద దొంగతనం పడుతుంది. దొంగతనం చేసినవాడి పని కాస్త ముచ్చటగా, నవ్వొచ్చేలా, నేర్పుగా కనిపిస్తుంది. "అంకెల గారడీ" అనగానే అసెంబ్లీలో నవ్వుతారు గానీ ఎవరూ సిగ్గుపడరు. గమనించారా? ఆ మాటకు పదును లేదు. అందుకే అధికారంలోకి వచ్చినవాళ్లు దాన్ని హాయిగా భరిస్తారు, దిగిపోయాక హాయిగా వాడుకుంటారు.

కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు: గారడీవాళ్లంతా సత్యహరిశ్చంద్రులా? నకిలీ తాయెత్తులు అమ్మలేదా, పసరు పేరుతో మోసం చేయలేదా? చేసినవాళ్లు ఉన్నారు. కానీ నకిలీ మందు అమ్మిన వ్యాపారి వల్ల వ్యాపారం అనే మాట తిట్టు కాలేదు. లంచం తిన్న ఇంజినీరు వల్ల ఇంజినీరు అనే మాట తిట్టు కాలేదు. ఒకడి తప్పు కులం మొత్తానికి, ఆ పైన మాటకు అంటుకునేది కొందరి విషయంలోనే.

ఇంకో సంగతి. మన ఊళ్లలో జన విజ్ఞాన వేదిక వాళ్లు బాబాల మహిమల గుట్టు విప్పడానికి ఏం చేస్తారు? అదే గారడీ చేస్తారు. చేతిలో బూడిద పుట్టిస్తారు, నాలుక మీద కర్పూరం వెలిగిస్తారు, తర్వాత ఎలా చేశారో చెబుతారు. బాబా చేస్తే మహిమ, గారడీవాడు చేస్తే చేతిపని. ఆ చేతిపని తెలిసినవాడే మహిమను పట్టుకోగలడు. అంటే మన నేలలో హేతువాదానికి మొదటి ప్రయోగశాల ఆ ముసలాయన పరిచిన గుడ్డ. "ఇది మంత్రం కాదు" అని ఊరి నడుమ నిలబడి చెప్పిన మనిషి ఆయన.

మరి మోసాన్ని ఏమనాలి? మాటలకు కరువు లేదు. మన అవ్వలు తమ అనుభవంలోంచి చాలా మాటలు చేసి పెట్టారు. పంగనామాలు పెట్టాడు అన్నారు. శఠగోపం పెట్టాడు అన్నారు. కొంగ జపం అన్నారు. తమ కష్టం ఎటు పోతోందో, ఏ గుర్తు పెట్టుకున్నవాళ్ల చేతిలోకి పోతోందో చూసి చేసిన మాటలివి. వాటిలో ఎంత చూపుందో! అయినా వాటిని కూడా నేను ఆచితూచి వాడతాను. నామం మన మాలదాసరుల నుదుట కూడా ఉంది. ఒక కులానికి తగిలిన దెబ్బను ఇంకొకరి మీదికి తోసి సంతోషపడటం మన పని కాదు.

నేరుగా చెప్పే మాటలు చాలు. డబ్బు వేరే పద్దుకు పోతే మళ్లింపు. కేటాయించి విడుదల చేయకపోతే ఎగవేత. ఖర్చు చేయకుండా చేసినట్టు రాస్తే దొంగ లెక్క. మాటిచ్చి తప్పితే దగా. ఈ నాలుగు మాటల్లో ఏ కులమూ లేదు. పైగా ఒక్కొక్కటీ ఒక ప్రశ్నను వెంట తెస్తుంది. మళ్లింపు అంటే ఎక్కడికి అని అడగాలి. ఎగవేత అంటే ఎంత, ఏ నెల నుంచి అని అడగాలి. దొంగ లెక్క అంటే సంతకం ఎవరిది అని అడగాలి. గారడీ అంటే ఏం అడుగుతాం? చప్పట్లు కొట్టి పోతాం.

మాట మారిస్తే పిల్లవాడికి పత్రం వస్తుందా అని అడిగేవాళ్లూ ఉంటారు. రాదు. అందుకే రెండూ చెయ్యాలి. నేను ఎస్సీ జాబితా ప్రతి ఒకటి తీసి, ఆ పేరు కింద గీత గీసి, ఇంకో అధ్యాపకుడినీ, విద్యార్థి సంఘం పిల్లలు నలుగురినీ తీసుకుని పిల్లవాడితో పాటు ఆ కార్యాలయానికి వెళ్లాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కుర్చీ కూడా వేశారు. భూమి కాగితం లేకపోతే వాళ్లుంటున్న చోటికి వచ్చి విచారణ చేయండి, ఇరుగుపొరుగును అడగండి అని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాం. డాక్టర్ అనే నా మాటకు దక్కిన కుర్చీ, వాళ్ల నాయిన మాటకు మూడుసార్లు దక్కలేదు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు సిగ్గుగానే ఉంది.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, అందరికన్నా వెనకబడిన 15 కులాలకు మొదటి గ్రూపులో 1 శాతం పెట్టారు. మాంగ్ గారోడి అందులో ఉంది. మాలలు, మాదిగలు వర్గీకరణ మీద ఎంత వాదించుకున్నా ఫరవాలేదు, వాదించుకుందాం. కానీ ఆ 1 శాతం దగ్గరికి చేరడానికి కావలసిన ఒక్క కాగితం ఈ పిల్లల చేతిలో ఉందా అని మన రెండు వైపుల వాళ్లమూ అడగలేదు. జాబితాలో చోటుంది, బల్ల దగ్గర చోటు లేదు. అది కూడా దగాయే, దాంట్లో మన మౌనం వాటా కూడా ఉంది.

విద్యార్థి మిత్రులకు రెండు పనులు చెబుతున్నాను. మీ కాలేజీలో, మీ హాస్టల్ చుట్టుపక్కల కుల పత్రం లేక ఆగిపోయిన సంచార కులాల పిల్లలు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్లు తమంతట తాము చెప్పరు, నాకు ఏడాదిన్నర పట్టింది. ఇద్దరు ముగ్గురు తోడు వెళ్లండి, రసీదు తీసుకోకుండా తిరిగి రాకండి. రెండోది, మీ కరపత్రాల్లో, ప్లకార్డుల మీద, ప్రసంగాల్లో ఈ మాటను వెతకండి. నేను నా పాత వ్యాసంలో నాలుగు చోట్లా మార్చాను. శీర్షిక ఇప్పుడు "ఎస్సీ నిధుల ఎగవేత" అని ఉంది. కింద ఎందుకు మార్చానో కూడా రాశాను.

పిల్లవాడికి చూపించాను. చదివి, "ఇప్పుడు తెలుస్తున్నది సార్, ఎవల గురించి రాసిన్రో" అన్నాడు.

విచారణకు ఇంకా ఎవరూ రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఏమైందో తర్వాతి భాగంలో చెబుతాను.

జై భీమ్.